రీలు చేతిలో ఉండాలి: ఫిల్మ్ కెమెరాతో విదేశీ ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఇదే శీర్షికలో పాత ఫిల్మ్ కెమెరాల మరమ్మతుల గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే సందేహం. రీళ్లతో విమానం ఎక్కితే తనిఖీ యంత్రాల్లో అవి ఏమవుతాయి? సెలవుల్లో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు, పై చదువులకు వెళుతున్న విద్యార్థులు, మళ్లీ ఫిల్మ్ మీద మనసు పడ్డ ఉద్యోగులు రాసిన ఉత్తరాల్లోంచి ఏడింటిని ఎంచుకుని, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. మనవడి మొదటి పుట్టినరోజుకు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా న్యూయార్క్ వెళుతున్నాం. మావారు ఏళ్ల తరబడి వాడుతున్న నికాన్ ఎఫ్‌ఎమ్2 కెమెరాను, పది రీళ్లను వెంట తీసుకువెళతానంటున్నారు. వాటిలో ఎనిమిది 400 స్పీడువి, రెండు 800వి. చేతి సంచిలో చోటు చాలదు కాబట్టి రీళ్లను పెద్ద సూట్‌కేసులో, ఆవకాయ డబ్బాల పక్కన సర్దుతానంటే ఆయన ససేమిరా అంటున్నారు. ఆ భయానికి ఆధారం ఉందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ఒక్క విషయంలో మీవారి మాటే నెగ్గనివ్వండి, అమ్మా. చేతి సంచిలోని ఏ స్వెట్టరునో, చీరనో సూట్‌కేసులోకి మార్చి ఆ చోటులో రీళ్లు పెట్టండి. కౌంటరు దగ్గర అప్పగించే పెద్ద సామానును పరీక్షించే యంత్రాలు పేలుడు పదార్థాల కోసం వెతికేవి. వాటిలో చాలావరకు సీటీ స్కాన్ పద్ధతిలో పనిచేస్తాయి, వాటి కిరణాల తీవ్రత కూడా ఎక్కువ. కడగని ఫిల్మ్, అంటే ల్యాబ్‌లో రసాయనాలతో ఇంకా ఫొటోలు బయటపెట్టనిది, వాటిలో ఒక్కసారి వెళ్లినా పాడవుతుంది. కొడాక్ సంస్థ ఏళ్లుగా చెబుతున్నది కూడా ఇదే: కడగని ఫిల్మ్‌ను అప్పగించే సామానులో పెట్టవద్దు. స్పీడు (వెలుతురుకు ఫిల్మ్ ఎంత సున్నితమో చెప్పే ఐఎస్‌ఓ అంకె) తక్కువదా, ఎక్కువదా అన్న తేడా ఇక్కడ లేదు.

ఎందుకు పాడవుతుందో తెలిస్తే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికంలో కొన్ని వెండి పరమాణువులు విడివడి కంటికి కనిపించని ముద్ర ఏర్పడుతుంది. కడిగినప్పుడు అదే నల్లని మచ్చగా బయటపడుతుంది. ఆ స్ఫటికాలకు ఎక్స్‌రే కూడా వెలుతురు లాంటిదే. 1895 డిసెంబరులో, ఎక్స్‌రేను కనుగొన్న రాంట్‌గెన్ తన భార్య చేతి ఎముకలను చిత్రించింది ఫొటో పలక మీదేనని గుర్తు చేసుకుంటే, విమానాశ్రయపు యంత్రానికి ఫిల్మ్ లొంగిపోవడంలో వింత ఏమీ కనిపించదు. పైగా డబ్బా రేకు, కెమెరా మూత వెలుతురును ఆపగలవు గానీ ఎక్స్‌రేను ఆపలేవు. స్పీడు ఎక్కువైన ఫిల్మ్‌లో స్ఫటికాలు మరింత సున్నితంగా ఉంటాయి కాబట్టి మీ ఎనిమిది రీళ్ల కంటే ఆ రెండు 800 రీళ్లే ముందుగా దెబ్బతింటాయి.

చేతి సంచిని పరీక్షించే యంత్రాలు ఇప్పుడు రెండు రకాలుగా ఉన్నాయి. పాత రకం, ఆసుపత్రిలో ఛాతీకి తీసే ఎక్స్‌రే వంటిది: సంచి బెల్టు మీద కదులుతుండగా కొద్దిపాటి కిరణాలతో బొమ్మ తీస్తుంది. ఐఎస్‌ఓ 400 వరకు ఉన్న ఫిల్మ్ అందులో ఒకటి రెండుసార్లు వెళితే కంటికి కనిపించే నష్టం జరగదు. కొత్త రకం, ఆసుపత్రిలోని సీటీ స్కాన్ వంటిది: సంచి చుట్టూ అన్ని దిక్కుల నుంచి చిత్రాలు తీసి, లోపలి వస్తువులను పొరలు పొరలుగా, గుండ్రంగా తిప్పి చూపిస్తుంది. భద్రతాధికారికి అది ఎంత సుఖమో ఫిల్మ్‌కు అంత కష్టం. ఒక్కసారి వెళ్లినా ఫిల్మ్ మీద ఫాగ్, అంటే ఫొటోను కమ్మే మసక, ఏర్పడవచ్చునని కొడాక్ హెచ్చరిస్తోంది; సీటీ యంత్రాల్లో తమ ఫిల్మ్ పెట్టవద్దని బ్రిటన్‌లో ఇల్ఫర్డ్ ఫిల్మ్ తయారు చేసేవారూ కోరుతున్నారు. క్యూలో నిలబడి రెండింటి తేడా పసిగట్టడానికి ఒక గుర్తు ఉంది. ల్యాప్‌టాప్‌ను, నీళ్ల సీసాలను, షాంపూలను సంచిలోనే ఉంచమంటే అది సీటీ యంత్రమని అనుమానించండి. బయటికి తీసి ట్రేలో పెట్టమంటే చాలావరకు పాత రకమే. అమెరికాలో ముందస్తు అనుమతి ఉన్నవారి వరుసలో పాత యంత్రం ముందు కూడా ల్యాప్‌టాప్ తీయనక్కరలేదు కాబట్టి అక్కడ ఈ గుర్తు నమ్మదగినది కాదు.

ఇక, కిరణాల ప్రభావం పోగుపడుతుందన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. మొదటిసారి తగిలిన దెబ్బ మానదు. రెండోది దాని మీద చేరుతుంది. కాబట్టి ప్రయాణానికి ముందే కాగితం మీద లెక్క రాసుకోమని నేను అందరికీ చెబుతాను. మీ దారిలో శంషాబాద్‌లో ఒకటి, దుబాయ్‌లో విమానం మారేటప్పుడు రెండు, తిరుగు ప్రయాణంలో న్యూయార్క్‌లో మూడు, మళ్లీ దుబాయ్‌లో నాలుగు. దిగిన తరువాత మన కస్టమ్స్ వారు సామానును ఇంకోసారి యంత్రంలో వేస్తే ఐదు. అక్కడి నుంచి ఫ్లోరిడా చూసి రావాలని విమానం ఎక్కితే మరో రెండు కలుస్తాయి. లిబర్టీ విగ్రహం దగ్గరకు వెళ్లే పడవ ఎక్కే ముందు కూడా విమానాశ్రయంలో లాగే సంచులు పరీక్షిస్తారు. ఆ మాటకొస్తే మన హైదరాబాద్ మెట్రో స్టేషన్‌లోనూ బ్యాగు యంత్రంలో వేయాల్సిందే. ఐదు, ఎనిమిది అయ్యేసరికి పాత యంత్రాల్లో కూడా నిశ్చింతగా ఉండలేం.

అందుకని ప్రతిచోటా చేతి తనిఖీ అడగండి. అమెరికాలో భద్రతా తనిఖీలు చూసే టీఎస్‌ఏ, కడగని ఫిల్మ్‌ను చేతి సంచిలో తెచ్చి చేతి తనిఖీ కోరమని ప్రయాణికులకు తానే సలహా ఇస్తుంది. అక్కడ ఇబ్బంది దాదాపు ఉండదు. మిగతా దేశాల్లో, మన దేశంలో కూడా, ఒప్పుకోవడం అక్కడున్న అధికారి విచక్షణ మీద ఆధారపడి ఉంటుంది. వారికి పని తేలికైతే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. రీళ్లను అట్టపెట్టెల్లోంచి, నల్లని డబ్బాల్లోంచి తీసి, లోపలివి బయటికి కనిపించే జిప్ కవరులో వరుసగా పేర్చండి. 800 రీళ్లు పైన కనిపించేలా పెడితే మంచిది. సంచిని బెల్టు మీద పెట్టక ముందే కవరు చేత్తో పట్టుకుని, “ఫొటో ఫిల్మ్, హ్యాండ్ చెక్ ప్లీజ్” అని చిరునవ్వుతో అడగండి; సంచి యంత్రంలోకి జారిన తరువాత అడిగి లాభం లేదు. వారు కవరును తెరిచి చూస్తారు, గుడ్డ ముక్కతో తుడిచి పేలుడు పదార్థాల పరీక్ష చేస్తారు, తిరిగి ఇచ్చేస్తారు. అరగంట ముందు వెళ్లడం ఒక్కటే దీనికి ఖర్చు. కుదరదని గట్టిగా చెబితే వాదించకండి. వాదించి గెలిచిన ప్రయాణికుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అప్పుడు 400 రీళ్లను యంత్రంలోకి పంపి, కనీసం ఆ రెండు 800 రీళ్లను మినహాయించమని అడగండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సీసపు పూత ఉన్న ఫిల్మ్ సంచులు అమ్ముతున్నారు. వాటిలో పెడితే ఎవరినీ బతిమాలుకోకుండా యంత్రంలోకి పంపవచ్చు కదా?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆ సంచి ఒక నల్లని దిమ్మలా తెర మీద కనిపిస్తుంది. లోపల ఏముందో తెలియని నల్లని దిమ్మను ఏ భద్రతాధికారీ వదిలిపెట్టడు. కొన్నిచోట్ల మీ సంచిని పక్కకు తీసి తెరిపిస్తారు, అంటే ఎలాగూ చేతి తనిఖీయే జరుగుతుంది. కొన్నిచోట్ల బెల్టును వెనక్కి నడిపి మళ్లీ మళ్లీ చూస్తారు, అప్పుడు ఒక దెబ్బ కాస్తా మూడు దెబ్బలవుతాయి. పాత యంత్రాల కాలంలో ఈ సంచులు కొంత ఉపయోగపడ్డాయి. సీటీ యంత్రాల ముందు వాటిని నమ్ముకుని అడగడం మానేయడం మాత్రం తెలివైన పని కాదు. ఆ డబ్బుతో ఇంకో రెండు రీళ్లు కొనుక్కోండి.

ప్రశ్న: సింగపూర్, మలేసియా చూసి వచ్చి మూడు రీళ్లు కడిగించాను. ఒకదానిలో ప్రతి ఫొటో మీదా అలల్లాంటి లేత చారలు ఉన్నాయి. రెండో రీలులో చారలు లేవు గానీ, నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు తేలి, పాలు కలిపినట్టుగా ఉంది. మూడోది బాగానే ఉంది. ఫిల్మ్ గడువు తీరిందని స్టూడియో అతను అంటున్నాడు గానీ మూడు రీళ్లూ ఒకే పెట్టెలోవి. తప్పు ఎవరిది?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ప్రింట్లను పక్కన పెట్టి నెగటివ్‌లను కిటికీ వెలుతురులో పట్టుకుని చూడండి. నిజం చెప్పేది నెగటివే. ప్రింటులో, స్కానులో యంత్రం తనకు తోచినట్టు సర్దుబాటు చేసేస్తుంది.

ముందుగా ఫొటోకు ఫొటోకు మధ్య ఉండే ఖాళీ జాగాను, పళ్ల రంధ్రాల చుట్టూ ఉన్న అంచును పరిశీలించండి. ఆ భాగానికి కెమెరాలో వెలుతురు తగలదు, కాబట్టి అది లేత నారింజ రంగులో తేటగా ఉండాలి. మీ రెండో రీలులో ఆ జాగా మూడో రీలు కంటే ముదురుగా కనిపిస్తే, ఫిల్మ్ మొత్తానికి సమంగా ఫాగ్ పట్టిందని అర్థం. దానికి కారణాలు మూడు: ఎక్స్‌రే, వేడి, పాతబడటం. ఒకే పెట్టెలోని మూడో రీలు బాగుంది కనుక పాతబడటం అన్న మాట నిలవదు. ఎండలో నిలిపిన కారులో ఈ ఒక్క రీలు గంటల తరబడి ఉండిపోయిందేమో, లేదా మిగతావాటి కంటే ఎక్కువసార్లు యంత్రంలోకి వెళ్లిందేమో మీరే గుర్తుచేసుకోవాలి. కెమెరాలో ఉండగానే కెమెరాతో పాటు ప్రతిచోటా బెల్టు ఎక్కిన రీలు ఇదే అయి ఉంటుందని నా అనుమానం. నీడ భాగాలే ముందు చెడడానికి కారణం కూడా ఉంది: నెగటివ్‌లో నీడ అంటే దాదాపు ఖాళీగా ఉండే చోటు, అక్కడ ఏ కొంచెం ఫాగ్ చేరినా దాచడానికి పైన ముద్ర ఉండదు. అందుకే రంగు నెగటివ్ ఫిల్మ్‌ను ప్రయాణాల్లో కాస్త ఎక్కువ వెలుతురు ఇచ్చి తీయడం మంచిది. ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువైనా అది తట్టుకుంటుంది, నీడల్లో కూడా వివరం ఫాగ్‌ను మించి నిలుస్తుంది. దీనికి తలకిందులుగా, 400 ఫిల్మ్‌ను 1600గా తీసి ఎక్కువసేపు కడిగించే అలవాటు ఉన్నవారు ఆ రీలును 1600 రీలుగానే భావించి కాపాడుకోవాలి, ఎందుకంటే కడగడం పొడిగించినప్పుడు ఫాగ్ కూడా పెరుగుతుంది.

అలల చారలున్న రీలు కథ వేరు. అది పెద్ద సూట్‌కేసులో వెళ్లింది. మీరు అలా పెట్టలేదని అనుకుంటున్నా సరే, ఇంట్లో ఎవరో ఒకరు సర్దేటప్పుడు అది అందులోకి చేరి ఉంటుంది. పెద్ద సామాను యంత్రాల్లో సన్నని, తీవ్రమైన కిరణపుంజం అనుమానం వచ్చిన చోట కోసినట్టు దూసుకుపోతుంది. కొడాక్ పరీక్షల్లో ఆ చార సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర వెడల్పుతో కనిపించింది. ఫిల్మ్ చుట్టగా ఉన్నప్పుడు ఆ పుంజం పొర తరువాత పొరను తాకుతుంది కాబట్టి, విప్పి చూస్తే అదే గుర్తు మళ్లీ మళ్లీ, అలలాగా వస్తుంది. మీ నెగటివ్‌ను మొదటి ఫొటో నుంచి చివరి దాకా పరచి చారల మధ్య దూరం కొలవండి. మొదటి ఫొటోల దగ్గర దూరం ఎక్కువగా, 36వ ఫొటో వైపు వెళ్లేకొద్దీ తక్కువగా ఉంటే, ఫిల్మ్ డబ్బాలో చుట్టగా ఉన్నప్పుడే దెబ్బ తగిలింది. ఎందుకంటే చుట్టలో మొదటి ఫొటో బయటి పొరలో, చివరిది లోపలి కడ్డీ దగ్గర ఉంటాయి, బయటి పొర చుట్టుకొలత పెద్దది. తీయకముందూ, తీసి వెనక్కి చుట్టిన తరువాతా ఈ వరస ఒకటే కాబట్టి, పొరపాటు వెళ్లేటప్పుడు జరిగిందో తిరుగు ప్రయాణంలో జరిగిందో దీన్నిబట్టి చెప్పలేం. కెమెరా మూత సందులోంచి వెలుతురు కారితే వచ్చే మచ్చ ఇలా ఉండదు. అది సాధారణంగా ఎరుపు, నారింజ రంగుల్లో, ఫిల్మ్ ఒక అంచు నుంచి లోపలికి పాకినట్టు, చాలా ఫొటోల్లో ఇంచుమించు ఒకే చోట కనిపిస్తుంది.

స్టూడియో అతన్ని అపార్థం చేసుకోకండి. కడగడంలో ఇటువంటి అలలు పుట్టవు. చెడిన ముద్రను ఏ రసాయనమూ బాగుచేయదు. సమంగా ఫాగ్ పట్టిన రీలును మాత్రం మళ్లీ స్కాన్ చేయించి, నలుపును కిందికి లాగితే ఫొటోలు చాలావరకు నిలబడతాయి, కాకపోతే గరుకుదనం మిగులుతుంది. రంగులు వికారంగా ఉన్న ఫొటోలను నలుపు-తెలుపుకు మార్చి చూడండి. కొన్ని అప్పుడే బాగుంటాయి.

ప్రశ్న: తీసిన వెంటనే ఫొటో బయటికి వచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా, డిజిటల్ కెమెరా, రెండూ తీసుకువెళుతున్నాను. మెమరీ కార్డులకు, బ్యాటరీలకు ప్రమాదం ఉందా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మెమరీ కార్డులకు ఎక్స్‌రే వల్ల ఏమీ కాదు. కడిగిన నెగటివ్‌లకూ, ప్రింట్లకూ కాదు. ఇన్‌స్టాక్స్ ప్యాకెట్ మాత్రం ఐఎస్‌ఓ 800 ఫిల్మ్. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ కావాలి. ప్యాకెట్ విప్పితే పాడవుతుందని అధికారికి ముందే చెప్పండి. ఇన్‌స్టాక్స్ చాలా దేశాల్లో సులువుగా దొరుకుతుంది కాబట్టి, వెళ్లాక కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద సామానులో పెట్టనివ్వరు. పాత ఆటోమేటిక్ కెమెరాల్లో వేసే సీఆర్123 కూడా లిథియమే. రెండు కొసలకూ టేపు అంటించి పెట్టుకోండి.

ప్రశ్న: కెమెరాలో సగం వాడిన రీలు ఉండగా విమానం ఎక్కాల్సి వస్తే ఏం చేయాలి? మిగిలిన 15 ఫొటోలు వృథా చేసుకోవాలా?
— ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: వృథా కానక్కరలేదు. చేతితో తిప్పే కెమెరా అయితే, ఎన్నో ఫొటో దగ్గర ఆగిందో ముందు చూసి పెట్టుకోండి, ఉదాహరణకు 21. కింద ఉన్న మీట నొక్కి, రీలును మెల్లగా వెనక్కి తిప్పండి. చివర్లో ఫిల్మ్ నాలుక, అంటే దాని మొదటి కొస, పట్టు విడిచినప్పుడు చేతికి చిన్న జారుడు తెలుస్తుంది. అక్కడే ఆపేస్తే నాలుక డబ్బా బయటే ఉంటుంది. ఆ నాలుక మీద మార్కరుతో 21 అని, ఐఎస్‌ఓ అంకె అని రాయండి. ఊరు చేరాక అదే రీలును మళ్లీ ఎక్కించి, లెన్స్‌కు మూత పెట్టి, షట్టరు వేగాన్ని అన్నిటికంటే ఎక్కువలో ఉంచి, ఎపర్చరును (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రాన్ని) వీలైనంత చిన్నది చేసి, నీడలో నిలబడి 21 దాటి మరొక్కటి, అంటే 22 దాకా ఖాళీగా నొక్కుకుంటూ పోండి. ఆ అదనపు ఫొటో వదలకపోతే పాతది, కొత్తది అంచుల దగ్గర ఒకదానిపై ఒకటి పడే ప్రమాదం ఉంది. ఆటోమేటిక్ కెమెరాల్లో మధ్యలో వెనక్కి చుట్టే చిన్న బొత్తం ఉంటుంది గానీ, చాలా కెమెరాలు నాలుకను డబ్బాలోకి పూర్తిగా లాగేసుకుంటాయి. దాన్ని బయటికి లాగే చిన్న పరికరం లేకపోతే ఆ రీలును అంతటితో ముగించినట్టే భావించండి.

రీలు ఉన్న కెమెరాతో చేతి తనిఖీ అడగకూడదని కాదు. అయితే కెమెరా లోపల ఏముందో చూడాలని అధికారి కోరడం సహజం. ఒకసారి ఒక విమానాశ్రయంలో, నేను నోరు తెరిచేలోపే తనిఖీ చేస్తున్న ఆయన నా కెమెరా వెనుక మూతను చక్కగా తెరిచి, లోపలికి చూసి, “బాగుంది” అని మూసి ఇచ్చాడు. ఆ రీలులో మా మేనకోడలి పెళ్లి ఫొటోలు ఉన్నాయి. చుట్ట లోపలి పొరల్లో ఉన్నవి కొన్ని బతికాయి. తాళి కట్టే ఫొటో మాత్రం పోయింది. ఆనాటి నుంచి విమానాశ్రయానికి ఖాళీ కెమెరాతోనే వెళుతున్నాను, అడగకముందే మూత నేనే తెరిచి చూపిస్తున్నాను.

ప్రశ్న: కంపెనీ పని మీద మూడు నెలలు అమెరికాలో ఉండబోతున్నాను. ఫిల్మ్ ఇక్కడ కొనాలా, అక్కడా? కడిగించడం ఎక్కడ? ఒక పాత కెమెరా కూడా కొనాలని ఉంది. మా నాన్నగారి రోలీఫ్లెక్స్ కెమెరాను తీసుకువెళితే తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్‌లో ఇబ్బంది పెడతారా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అక్కడే కొని, అక్కడే తీసి, అక్కడే కడిగించి, నెగటివ్‌లతో తిరిగి రండి. మొదటి ఉత్తరానికి జవాబులో వేసిన తనిఖీల లెక్క అప్పుడు సున్నా అవుతుంది; ఈ శీర్షికలోని మిగతా సలహాలన్నీ అలా కుదరనివారి కోసమే. మీకు మూడు నెలల సమయం ఉంది కాబట్టి తప్పక కుదురుతుంది. ఒక్క హెచ్చరిక: అక్కడి పెద్ద మందుల దుకాణాల్లో ఫిల్మ్ తీసుకుని కడిగించి ఇచ్చే ఏర్పాటు ఉంది గానీ, చాలాచోట్ల స్కాన్లు, ప్రింట్లు మాత్రమే ఇచ్చి నెగటివ్‌లను తిరిగి ఇవ్వరు. నెగటివ్ లేకపోతే ఫిల్మ్‌తో తీసిన ఫలితమే ఉండదు. రీలు అప్పగించే ముందే ఆ మాట అడగండి, లేదా ఫిల్మ్ పని మాత్రమే చేసే ల్యాబ్‌కు ఇవ్వండి. నలుపు-తెలుపు, స్లయిడ్ ఫిల్మ్‌లకు రంగు నెగటివ్ కంటే ఎక్కువ రోజులు పట్టవచ్చు కనుక తిరుగు ప్రయాణం వారంలో ఉందనగా ఇవ్వకండి. వెళ్లేటప్పుడు ఇక్కడి నుంచి ఒకటి రెండు రీళ్లు మాత్రం పెట్టుకోండి, దిగిన రోజే తీయాలనిపిస్తుంది.

రోలీఫ్లెక్స్ విషయానికి వస్తే, బయలుదేరే రోజున విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారికి కెమెరాను చూపించి ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి. కెమెరా మీది, లెన్స్ మీది వరుస సంఖ్యలను అందులో నమోదు చేస్తారు. తిరిగి వచ్చినప్పుడు ఆ కాగితం చూపిస్తే, అది విదేశంలో కొన్న వస్తువు కాదని రుజువవుతుంది. వస్తువును కళ్లారా చూడకుండా వారు రాసివ్వరు కాబట్టి కెమెరాను పెద్ద సామానులో వేసేసి ఖాళీ చేతులతో వెళ్లవద్దు, సమయం కూడా చేతిలో ఉంచుకోండి. అసలు కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు దాచండి. అక్కడ కొనే కెమెరాకు ఈ పత్రం వర్తించదు. బిల్లు తెచ్చుకోండి, సుంకం లేని పరిమితిని మించితే ఎర్ర వరుసలోకి వెళ్లి ప్రకటించండి. పాత కెమెరాయే కదా, అంత విలువేముంటుందనే మాట అక్కడ చెల్లదు, బిల్లు మీది అంకె చెల్లుతుంది.

మీ నాన్నగారి కెమెరాలో పట్టేది 120 అనే వెడల్పు ఫిల్మ్ అని మీకు తెలిసే ఉంటుంది. దానికి రేకు డబ్బా ఉండదు, కాగితం చుట్టే ఉంటుంది. చేతి తనిఖీలో ఎవరైనా ఆ కాగితపు అతుకు విప్పబోతే వెంటనే ఆపండి. తీసిన రీలును గట్టిగా చుట్టి, అతుకు అంటించి, రేకు కాగితంలో పెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో, 90లలో కువైట్‌లో పనిచేశారు. ఈ మధ్య పాత పెట్టె తెరిస్తే కడిగించని రీళ్లు ఆరు దొరికాయి. మూడింటి మీద సీ-41 అని, ఒకదాని మీద కొడాక్రోమ్ కే-14 అని ఉంది, రెండింటి మీద అక్షరాలు చెరిగిపోయాయి. మా తమ్ముడు వచ్చే నెల అమెరికా వెళుతున్నాడు. అక్కడి ల్యాబ్‌కు ఇప్పిద్దామనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: ముందు కొడాక్రోమ్ అనే పాత స్లయిడ్ ఫిల్మ్ సంగతి చెబుతాను, ఎందుకంటే దాని మీద ఆశ పెట్టుకుని పంపి నిరాశపడినవారున్నారు. మామూలు ఫిల్మ్‌లో రంగులు పుట్టించే పదార్థాలు ఫిల్మ్ పొరల్లోనే ఉంటాయి. కొడాక్రోమ్‌లో అవి ఉండవు, కే-14 అనే పద్ధతిలో కడిగేటప్పుడు ల్యాబ్‌లో చేర్చాలి. ఆ పని చేసే యంత్రాలు, రసాయనాలు ఇప్పుడు లేవు. కొడాక్ ఆ ఫిల్మ్ తయారీని 2009లో ఆపేసింది. కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న పట్టణంలోని చివరి ల్యాబ్ 2010 డిసెంబరు 30 వరకు వచ్చిన రీళ్లను తీసుకుని ఆ తరువాత కొడాక్రోమ్ కడగడం ఆపేసింది. ఇప్పుడు ఆ రీలు నుంచి రంగులు రావు. పాత ఫిల్మ్‌లో అనుభవమున్న కొన్ని ల్యాబ్‌లు దాన్ని నలుపు-తెలుపులో కడిగి ఇవ్వగలవు. మనుషుల ముఖాలు కనిపించడానికి అది చాలు.

సీ-41 అంటే మామూలు రంగు నెగటివ్‌ను కడిగే పద్ధతి; ఆ రీళ్లకు రసాయనాలు నేటికీ ఉన్నాయి. ఐదు నిమిషాల పనిగా భావించి వీధి చివరి స్టూడియోలో మాత్రం ఇవ్వవద్దు. ఇన్నేళ్ల ఫిల్మ్‌కు వేడి వల్ల, వయసు వల్ల ఇప్పటికే ఫాగ్ పట్టి ఉంటుంది, మీ నాన్నగారు తీసిన ముద్ర పలచబడి ఉంటుంది. గల్ఫ్ వేసవుల్లోనూ, ఆ తరువాత మన రాయలసీమ ఎండల్లోనూ అటక మీద ఉన్న రీళ్లవి. అందువల్ల కొత్త 400 రీలు తట్టుకునే ఒకటి రెండు ఎక్స్‌రేలను కూడా వాటికి తగలనివ్వకండి. ఉన్న కొద్దిపాటి ముద్రకూ ఫాగ్‌కూ మధ్య తేడాయే మీకు మిగిలిన ఫొటో. ఎక్స్‌రే ఆ తేడాను ఇంకా తగ్గిస్తుంది. మీ తమ్ముడు వీటిని చేతి సంచిలోనే ఉంచి ప్రతిచోటా చేతి తనిఖీ కోరాలి, కవరు మీద “పాత కడగని ఫిల్మ్, ఎక్స్‌రే వద్దు” అని ఇంగ్లిషులో రాసి పెట్టుకోవాలి. కొరియరులో పంపడం కంటే మనిషి చేత పంపడమే మేలు, పార్శిళ్లు కూడా యంత్రాల్లోంచే వెళతాయి. అక్కడ చేరాక ల్యాబ్‌కు నేరుగా వెళ్లి ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

ఇప్పటి నుంచి బయలుదేరే రోజు దాకా రీళ్లను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పైన గడ్డకట్టే అరలో వద్దు. తీసిన వెంటనే మూత తెరిస్తే ఫిల్మ్ మీద తేమ పడుతుంది, కాబట్టి గంటన్నర బయట ఉంచిన తరువాతే తెరవండి. అక్షరాలు చెరిగిన రెండింటిని ల్యాబ్‌వారికి చూపిస్తే, డబ్బా ఆకారాన్నీ రంగునూ బట్టి ఏ రకమో చాలావరకు చెప్పగలరు. వారు తేల్చేదాకా ఏ రసాయనంలోనూ వేయనివ్వకండి. ఆరింటినీ ఒకేసారి కడిగించమని కూడా తమ్ముడికి చెప్పవద్దు. సీ-41 రీళ్లలో చూడ్డానికి అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నట్టున్న ఒక్కదాన్ని ముందు కడిగించి, నెగటివ్ ఎంత పలచగా వచ్చిందో చూసి, మిగతా వాటికి ఎంతసేపు కడగాలో ల్యాబ్‌వారు నిర్ణయించాక మిగిలినవి ఇవ్వమనండి.